కొండలోకి వెళ్ళిన అక్క

మొన్న అక్క మనవరాలి పుట్టినరోజని జూబ్లీ హిల్స్‌లో ఒక హోటలుకు వెళ్ళాం. ఆ హోటలు వాళ్ళు ఒక పెద్ద బండరాయిని కొట్టకుండా అలాగే ఉంచి, దాని చుట్టూ గోడలు లేపి బల్లలు వేశారు. రాయి మీదికి కింది నుంచి పసుపు దీపాలు. గుమ్మం పక్కన గోడకు చిన్న ఇత్తడి గంట. తిండి నచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు ఒకసారి కొట్టి వెళ్ళాలట. మేము తింటుండగా ఎవరో కొట్టారు. నా చేతిలోని చెంచా పళ్ళెంలో పడింది. పక్కనున్న అక్క తల కూడా తిప్పలేదు. గంట ఆమెకు ఎడమవైపు ఉంది. పదిహేడో ఏటి నుంచి అక్కకు ఎడమ చెవి పనిచేయదు.

చేతులు కడుక్కునే వంకతో లేచి రాయి దగ్గరికి వెళ్ళాను. ఒక పక్క, పై నుంచి కిందికి, బొటనవేలు సరిగ్గా పట్టే గాడి ఉంది. పేలుడు మందు పెట్టడానికి తొలిచిన రంధ్రంలో మిగిలిన సగం అది. రెండో సగం ఎటు ఎగిరిపోయిందో. ఇది అదే రాయి అని నేను చెప్పను. అప్పుడు ఆ కొండల్లో అలాంటివి వేలల్లో ఉండేవి. కాని వేలు ఆ గాడిలో పెట్టగానే, చల్లగా, లోపల ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నట్టు అనిపించింది. అలా అనిపించడం నాకు ఒక పుస్తకం నేర్పింది.

నా చిన్నప్పుడు అక్కడ ఇళ్ళకంటే బండలు ఎక్కువ. ఎవరో ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, మధ్యలో పిలుపొస్తే వదిలేసి వెళ్ళినట్టు ఉండేవి. మద్రాసు నుంచి సినిమా మెల్లగా హైదరాబాదుకు తరలి వస్తోంది. దాని వెనకాలే మేమూ వచ్చాం. నాన్న సెట్లకు రంగులు వేసేవాడు. ప్లాస్టరుతో స్తంభాలు, సింహాసనాలు, రాళ్ళు పోతపోసేవాడు. నాన్న, అమ్మ, నాయనమ్మ, అక్క, నేను. ఫిల్మ్ నగర్ వాలులో రెండు గదుల రేకుల ఇల్లు. మా ఇంటి వెనక కొండ మీద ఎవరివో బంగళాల కోసం నిజం రాళ్ళు పగలగొడుతుంటే, కొండకు అవతలి స్టూడియోలో నాన్న అబద్ధం రాళ్ళు చేసేవాడు. నాయనమ్మకు ఇది ఎంతకీ మింగుడు పడేది కాదు.

"ఉన్న రాళ్ళు బద్దలు కొట్టటం, లేని రాళ్ళు కట్టటం. ఇదేం పనిరా? ప్రభువు చూస్తే ఏమనుకుంటాడు?"

"ఆయనా వడ్రంగం చేసినవాడే కదమ్మా. పనివాడి తిప్పలు ఆయనకి తెలుసులే," అనేవాడు నాన్న.

నాన్న ఇంటికి వస్తే ముందు వాసన వచ్చేది. తడి ప్లాస్టరు, గోనెపట్ట, మైదా జిగురు. కొండ వైపు నుంచి గాలి తిరిగితే పేలుడు మందు వాసన, కాలిన వెంట్రుకల్లాగా. ఈ రెండింటినీ అమ్మ ఎండు రొయ్యలు వేసి వండే గోంగూర ఒక్కటే జయించేది. ఆ కూర పొయ్యి మీద ఉంటే మా వాలులో నాలుగిళ్ళ వాళ్ళు ఏదో ఒక పని కల్పించుకుని మా గుమ్మం ముందు నుంచి నడిచేవాళ్ళు.

మా క్రైస్తవ సంఘం ఇరవై కుటుంబాలు. వడ్రంగులు, లైట్ల పనివాళ్ళు, డ్రైవర్లు, వంటవాళ్ళు. విప్పేసిన సెట్ల చెక్కలతోనే మందిరం కట్టుకున్నారు. ప్రసంగ వేదిక వెనక చెక్కకు ఎన్ని పూతలు వేసినా ఏదో రాజదర్బారు తాలూకు నెమలి లీలగా కనిపిస్తూనే ఉండేది. గంట మాత్రం లేదు. కొండ మొదట్లో ఇనుప చట్రానికి వేలాడే రైలు పట్టా ముక్క ఒకటి ఉండేది. అది రాళ్ళు పేల్చేవాళ్ళది. దాన్ని మందిరం గంటలా కొట్టుకోవచ్చా అని పాస్టరు గారు వెళ్ళి వాళ్ళ మేస్త్రిని అడిగారు. మేము ఆయన్ని మేస్త్రి తాత అనేవాళ్ళం. తలకు ఎర్ర తువ్వాలు, కనుబొమల మీద ఎప్పుడూ రాతిపిండి.

"ఆయితారం మేం మందు పెట్టం సారూ. ఆ దినం మీ దేవునికి కొట్టుకోండ్రి," అన్నాడు తాత. తర్వాత పిల్లలమైన మా వైపు తిరిగాడు. "కడమ దినాలు దాన్ని ముట్టొద్దు, సమజైందా? అది ఇనుము కాదు. నా మనుషుల పానం."

ఆ పట్టాకు ఒక భాష ఉండేది. నిదానంగా మూడు దెబ్బలు కొడితే మందు అంటించబోతున్నారు, దూరం వెళ్ళమని. దారినపోయేవాళ్ళు కూడా దగ్గరున్న బండ చాటుకు పోయేవాళ్ళు. తాత ఒక్కొక్క పేలుడూ వేళ్ళ మీద లెక్క పెట్టేవాడు. రంధ్రాల్లో పెట్టిన మందు తూటాలన్నీ పేలాయని తేలాక, ఎక్కడా ఆగకుండా పొడుగ్గా గంట. అప్పుడు బయటికి రావచ్చు. లెక్క తక్కువైతే గంట ఉండదు, ఎంతసేపైనా సరే.

ఆదివారం గంట కొట్టే వంతు పిల్లలది. నాకు పదకొండేళ్ళు. ఇనుప బోల్టు బరువుకు నా చెయ్యి తొందరగా లాగేది. మూడు కొట్టి చెయ్యి మార్చుకునేదాన్ని, మళ్ళీ మూడు కొట్టి మళ్ళీ మార్చుకునేదాన్ని. "నీ వంతు వచ్చిందంటే ఇంట్లో పడుకున్నా తెలిసిపోద్దే, కుంటి మేక నడిచినట్టు కొడతావు," అని అక్క ఏడిపించేది. అక్క మందిరంలో పాటలు ఎత్తుకునేది. ఆమె మొదలుపెట్టాక మిగతా వాళ్ళు ఒక క్షణం ఆగి అందుకునేవాళ్ళు, వినాలో పాడాలో తేల్చుకోలేక.

ఆ ఎండాకాలం చివర్లో నాన్న గోనెసంచిలో చుట్టి ఒక పుస్తకం తెచ్చాడు. స్టూడియోలో కొండరాక్షసుడి గుహ సెట్టు వేస్తున్నారు. ఆర్టు డైరెక్టరు గారు, ఇందులో ఉన్నట్టు ఉండాలి అని అట్ట ఊడిన ఆ ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టారట. ఎప్పుడూ మంచు కురిసే ఉత్తరపు దేశాల కథలు, నార్వే, స్వీడన్ అట. నాన్నకు ఇంగ్లీషు రాదు. నేను సిస్టర్ల బడిలో చదువుతున్నాను.

"చదివి చెప్పు తల్లీ. ఈ బొమ్మలో వీడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీక చస్తున్నాను."

నాకూ తెలియలేదు. బూడిద రంగు, మట్టి రంగు, అక్కడక్కడ పాకుడు పచ్చ. సొరకాయంత ముక్కు, నెత్తి మీద మొలిచిన చెట్లు, వెనకాల దీపం పెట్టినట్టున్న కళ్ళు. వాడి కాలి దగ్గర వేలెడంత పిల్ల ముడుచుకు కూర్చుని ఉంది. ఎక్కడో దూరంగా మందిరం శిఖరం. పగలు బయటికి వస్తే ఈ రాక్షసులు ఉన్నవాళ్ళు ఉన్నట్టే బండలైపోతారని రాసి ఉంది. అది చదివి నేను కిటికీలోంచి కొండ వైపు చూశాను. గొంతుక్కూర్చున్నవి కొన్ని, భుజం మీద భుజం వేసుకున్నవి కొన్ని.

రెండో సాయంత్రం ఇంకో వాక్యం వచ్చింది. గుహలోకి అడుగు పెట్టగానే రాక్షసుడు ముక్కు ఎగబీలుస్తాడు. ఇక్కడెవరో క్రైస్తవుడి నెత్తురు వాసన వస్తోంది అంటాడు. నేను దాన్ని తెలుగులో చెప్పాను.

"మనమని వాడికెట్టా తెలిసిందే?" అంది నాయనమ్మ.

"వాసన చూసి."

"ఇంత ఊళ్ళో మనల్ని పలకరించేవాడే లేడు. వీడెవడో వాసనతోనే పట్టాడు, చూడు," అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. అమ్మ లేచి వచ్చి పుస్తకం మూసి, దాని మీద మా పరిశుద్ధ గ్రంథం బరువుగా పెట్టింది. "పని కోసం చూసుకోండి, కాదనను. పడుకునేటప్పుడు మాత్రం ఇది దీని కిందే ఉండాలి," అంది నాన్నతో.

నేను ఇంకో అడుగు ముందుకేశాను. సండే స్కూల్లో కంఠతా వాక్యాలకు ఇచ్చే రంగు కార్డు ఒకటి తీసుకుని, నాన్న మైదా జిగురుతో ఆ రాక్షసుడి నోటి మీద అంటించేశాను. వాసన చూసినా చెప్పలేడు కదా అని. మర్నాడు నాన్న స్టూడియోలో పేజీ తీస్తే రాక్షసుడి ముఖం మధ్యలో కార్డు మీది గొర్రెపిల్ల. నాన్న చెవి మెలిపెట్టాడు గాని మెలిపెడుతూ నవ్వాడు. తడిగుడ్డతో ఎంత రుద్దినా కార్డు ఊడలేదు.

ఒక రోజు మేస్త్రి తాతనే అడిగాను. "తాతా, బండ పగలగొడితే లోపల ఏముంటుంది?"

"బండ లోపట బండనే ఉంటది బిడ్డా. ఇంకేముంటది?" అని బీడీ ముట్టించుకున్నాడు. ఒక దమ్ము లాగి, "పేలని తూటా ఉన్నదనుకో, గప్పుడు లోపట నా సావుంటది," అన్నాడు. ఎండ ఎంత కాస్తుందో చెప్పినట్టు చెప్పాడు.

మధ్యాహ్నం నాన్నకు క్యారియరు తీసుకెళ్ళే పని అక్కది. కొండ పక్క దారిలో వెళ్ళి అరగంటలో వచ్చేసేది. ఆ నెలలో అరగంట గంటైంది, గంట సాయంత్రమైంది. అదివరకు వినని రాగమేదో ముక్కుతో తీసేది, మాటలు లేకుండా. అమ్మ అన్నం పెడితే "అక్కడ తిన్నానమ్మా" అనేది. జడ వేసుకునే తీరు మారింది. చివరికి ఒక రోజు దండెం మీద బట్టలు తీస్తూ నా ఒక్కదానికే చెప్పింది. గుహ సెట్టులో రాక్షసుడు నాయికను పాటతో లోపలికి రప్పించుకుంటాడు. ఆ రాగం తియ్యడానికి ఒక గొంతు కావాలి. కోరస్ పాడే ఒకావిడ అక్క గొంతు విని రమ్మంది.

"శుక్రవారం రికార్డింగు. మద్రాసు వాళ్ళొస్తున్నారు. నచ్చితే తీసుకెళ్తారంట."

"నువ్వు వెళ్ళిపోతావా?"

అక్క మడత పెట్టిన చీర నా చేతుల్లో పెట్టింది. "అమ్మకి చెప్పావంటే వీపు చిట్లుద్ది," అంది. ఆమె కళ్ళు మా ఇంటిని చూస్తున్నట్టు లేవు.

నాన్నకు చదివి వినిపించని కథ ఒకటి ఆ పుస్తకంలో ఉంది. అందులో గుహ బొమ్మ లేదు కాబట్టి ఆయనకు అక్కర్లేదు. నేను మాత్రం చాలాసార్లు చదివాను. చక్కని గొంతున్న పిల్ల ఒకతె కొండ మీదికి పశువుల్ని పిలవడానికి వెళ్తుంది. లోపలి నుంచి రాగం వినిపిస్తుంది. కొండ తలుపులా తెరుచుకుంటుంది. లోపల పెట్టిన అన్నం తింటుంది, ఇంటి దారి మరిచిపోతుంది. ఊరివాళ్ళు మందిరం గంటను విప్పి కొండ దగ్గరికి మోసుకెళ్ళి కొడతారు. గంట మోగినంతసేపే తలుపు తెరుచుకుని ఉంటుంది. ఆ పిల్ల ఒక్కో అడుగే వేస్తూ వస్తుంది. ఇంకొక్క అడుగు ఉందనగా గంట తాడు తెగిపోతుంది. చివరి బొమ్మలో గడ్డిలో పడి ఉన్న గంట, దాని వెనక మూసుకున్న కొండ. మనిషి ఎవరూ లేరు.

మా పట్టాకు తాడు కాదు, ఇనుప గొలుసు. తెగదు అని నేను లెక్క వేసుకున్నాను.

శుక్రవారం బడి నుంచి వస్తుంటే కొండ మొదట్లో నిదానంగా మూడు దెబ్బలు వినిపించాయి. బండ చాటుకు వెళ్ళాను. నాలుగు పేలాయి. తర్వాత నిశ్శబ్దం. ఎన్ని తూటాలు పెట్టారో నాకు తెలియదు. కాని పొడుగు గంట ఇంకా మోగలేదని తెలుసు. అది నేను దాచను. సూర్యుడు బండల వెనక్కి దిగుతున్నాడు. అక్క ఆ రోజు పొద్దునే క్యారియరు తీసుకుని వెళ్ళింది, దారిలో ఎక్కడా కనిపించలేదు. తాత పట్టా దగ్గర లేడు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ కాస్త ఎగువన నిలబడి ఉన్నాడు. బోల్టు చట్రం మీదే ఉంది.

ఆదివారం దేవుడి సేవ చేసే గంట శుక్రవారం కీడు చేస్తుందని నాకు తోచలేదు. "ప్రభువా, మా అక్కని బయటికి పంపు," అని పైకే అని కొట్టడం మొదలుపెట్టాను. మూడు కొట్టి చెయ్యి మార్చుకున్నాను. మళ్ళీ మూడు. "ఎవర్రా గది! ఆపు! ఆపుండ్రి!" అని తాత అరుపు వినపడింది. ఆపితే తలుపు మూసుకుంటుంది కదా. ఆపలేదు.

అక్క వచ్చింది. స్టూడియో దారి మలుపులో, పెద్ద బండ వెనక నుంచి, క్యారియరు చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ. నన్ను చూసింది. నా పేరు పెట్టి పిలవడానికి నోరు తెరిచింది. అప్పుడు ఐదోది పేలింది.

దుమ్ము అణిగేసరికి క్యారియరు మూత ఒకటి దారి వెంట దొర్లుతూ నా కాళ్ళ దాకా వచ్చి పడిపోయింది. అక్క దారిలో కూర్చుని ఉంది. ఎక్కడా దెబ్బ కనిపించలేదు. ఎడమ చెవి నుంచి మాత్రం సన్నగా నెత్తురు మెడ మీదికి దిగుతోంది. "నా మాట నాకు వినపడట్లేదే," అంటోంది. అదే మాట మళ్ళీ మళ్ళీ, ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా. నాకు గుర్తొచ్చింది ప్రార్థన కాదు, ముక్కు ఎగబీల్చిన ఆ బొమ్మ.

తాత ముందు అక్క దగ్గరికి కాదు, నా దగ్గరికి వచ్చాడు. నా చేతిలోంచి బోల్టు తీసుకుని తన నడుముకు దోపుకున్నాడు. "ఇంటికి పో బిడ్డా," అన్నాడు. నేను కదలలేదు. జనం చేరారు, కాంట్రాక్టరు వచ్చాడు, స్టూడియో నుంచి నాన్న వచ్చాడు.

"ఎవడు కొట్టాడు గంట?" అన్నాడు కాంట్రాక్టరు.

"నేనే కొట్టిన," అన్నాడు తాత. "ఐదోది పేలిందనుకున్న."

ఆయన వెనక నిలబడిన కూలీలు నేల వైపు చూశారు. మా నాన్న, చీమను కూడా తప్పించుకుని నడిచే మనిషి, ఆ ముసలాయన చొక్కా పట్టుకుని చెంప మీద కొట్టాడు. ఎర్ర తువ్వాలు కింద పడింది. నాకు నోరు ఉంది. మందిరంలో నూట యాభై వాక్యాలు తప్పు లేకుండా అప్పజెప్పిన నోరు. ఒక్క మాట రాలేదు. తాత నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే వాళ్ళకు తెలిసిపోతుందని, ఇప్పుడు అనుకుంటాను.

మూడో రోజు ఆయన్ని పనిలోంచి తీసేశారు. సామాను, సుత్తులు, మనుషులు అందరూ ఒకే లారీ ఎక్కి వెళ్ళిపోయారు. ఆ ఆదివారం పాస్టరు గారు అక్క ప్రాణం దక్కినందుకు స్తోత్రాలు చెల్లించారు. నేనూ ఆమేన్ అన్నాను. అక్క ఆస్పత్రి నుంచి వచ్చాక మందిరానికి వచ్చేది గాని పాట ఎత్తుకోలేదు. శ్రుతి ఎటు పోతోందో తెలియడం లేదంది. గుహలో రాగం ఇంకెవరో తీశారు. పుస్తకం ఆర్టు డైరెక్టరు గారికి వెళ్ళిపోయింది, నోటి మీద గొర్రెపిల్లతో సహా.

తర్వాత నేను సండే స్కూలు టీచర్నయ్యాను. నలభై ఏళ్ళు కావస్తోంది. నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుకను బలిపీఠం ముందే విడిచిపెట్టి వెళ్ళి మొదట అతనితో సమాధానపడమన్న బోధ ఎంతమంది పిల్లలకు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ నా కానుక నేను వేసి వచ్చాను.

హోటల్లో రాయి దగ్గర నుంచి తిరిగి వచ్చి అక్క కుడిపక్క కూర్చున్నాను. పిల్లలు కేకు చుట్టూ ఉన్నారు.

"అక్కా, ఆ రోజు పట్టా కొట్టింది మేస్త్రి తాత కాదు. నేను."

అక్క చెయ్యి తుడుచుకుంది. "తెలుసు."

"తెలుసా?"

"మూడు కొట్టి చెయ్యి మార్చుకునేది ఈ లోకంలో ఇంకెవరే? నా పక్కన బండ చాటున నలుగురు కూలీలున్నారు. ఒక్కడూ కదల్లేదు. అది మేస్త్రి చెయ్యి కాదని వాళ్ళకి తెలుసు. నీ చెయ్యని నాకొక్కదానికే తెలుసు. శుక్రవారం నువ్వెందుకు కొడుతున్నావు, నీకేం ముంచుకొచ్చిందోనని ఉరికాను."

"నువ్వు పాడటానికి వెళ్ళిపోతావని..."

"ఆ రోజు రికార్డింగే జరగలేదు. మద్రాసు వాళ్ళు రాలేదు. ఇంటికే వస్తున్నాను."

"మరి ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నావే?"

"నువ్వే చెప్తావని చూశాను," అంది అక్క. కోపంగా కాదు. "నా సంగతి వదిలెయ్. ఆయనకి చెప్పావా?"

నేను తల అడ్డంగా ఊపాను. అప్పటికే అరవై దాటిన మనిషి. ఈ భూమి మీద ఉండి ఉండడు.

"ఆయన పిల్లలైనా ఉండాలిగా. ఎక్కడో ఉంటారు. ఇవాళ్టి నుంచి ప్రార్థనలో పెడదాం. ఎవర్నైనా అడిగి కనుక్కుందాం," అంది. తర్వాత రాయి వైపు చూస్తూ, "ఆయన పేరేంటే?" అంది.

నా ప్రార్థన పుస్తకంలో రెండు వందల పేర్లున్నాయి. జబ్బు మనుషులు, పరీక్షలు రాసే పిల్లలు, ముఖం చూడని దూరదేశపు వాళ్ళు. ఒక్కో పేరూ రోజూ చదువుతాను. మేమిద్దరం ఆ రాయిని చూస్తూ చాలాసేపు ఆలోచించాం. మేస్త్రి తాత. అంతకు మించి మా ఇద్దరికీ ఏమీ తెలియదు.